నర్సమ్మగారి పని కాగితం మీద కనబడాలంటే

మే 12 నర్సుల దినోత్సవం వెళ్లాక గోదావరి జిల్లాల నుంచి మాకు అందిన ఉత్తరాలు చాలావరకూ ఒకే సంగతి అడుగుతున్నాయి. మా ఊరి నర్సమ్మగారు ఇంత చేశారు, ఆవిడకి గుర్తింపు ఎలా తెప్పించాలి అని. కొన్ని ఊళ్లవాళ్లు రాసినవి, కొన్ని నర్సులే రాసుకున్నవి. ఒకే తరహావి కలిపేసి జవాబులు ఇస్తున్నాం.

ప్ర: మాది పి.గన్నవరం మండలంలో, గోదావరి మధ్యలో ఉన్న లంక గ్రామమండీ. మా సబ్‌సెంటర్ (ఊరి ఆరోగ్య ఉపకేంద్రం) ఏఎన్‌ఎం (గ్రామ నర్సు) గారు 18 ఏళ్లుగా పంటు పడవ మీద ఏరు దాటొచ్చి పనిచేస్తున్నారు. రాష్ట్రపతి గారి చేతుల మీదుగా ఇచ్చే నర్సుల అవార్డు ఆవిడకి రావాలని ఊళ్లో 600 సంతకాలు చేయించాం. ఈ కాగితం ఎవరికివ్వాలి?
— ఓ సర్పంచ్

జ: సంతకాల కాగితాన్ని భద్రంగా దాచుకోండి, ఆవిడ రిటైరైన రోజున ఫ్రేము కట్టించి ఇవ్వొచ్చు. అవార్డు దగ్గర మాత్రం దానికి విలువ తక్కువ. ఎందుకంటే ప్రతి నామినేషన్‌తోనూ సంతకాలు వస్తాయి. వాటిలో ఎవరి పని ఎంతో తేల్చే సమాచారం ఉండదు.

మీరంటున్నది జాతీయ ఫ్లోరెన్స్ నైటింగేల్ అవార్డు. కేంద్ర ఆరోగ్య, కుటుంబ సంక్షేమ శాఖ 1973లో మొదలుపెట్టింది. పతకం, ప్రశంసాపత్రం, నగదు ఇస్తారు. నగదు ఒకప్పుడు 50,000 రూపాయలు, 2024 నుంచి లక్ష. 2024లోనూ 2025లోనూ దేశం మొత్తమ్మీద 15 మంది చొప్పునే తీసుకున్నారు. అన్ని రాష్ట్రాలూ కలిసి 15 అంటే పోటీ ఎంతో మీరే చూసుకోండి. మే 12నే ఇస్తారని లెక్కేసుకుని కూర్చోకండి. 2023లో జూన్ 22న, 2024లో సెప్టెంబరు 11న, 2025లో మే 30న ఇచ్చారు.

ఇందులో మూడు వరసలున్నాయి. ఏఎన్‌ఎంలకు ఒకటి, లేడీ హెల్త్ విజిటర్లకు (ఏఎన్‌ఎంల పని చూసే సూపర్‌వైజర్లకు) ఒకటి, రిజిస్టర్డ్ నర్సు-మిడ్‌వైఫ్‌లకు ఒకటి. ఎక్కువగా బోల్తాపడేది ఇక్కడే. ఏఎన్‌ఎంగా చేరి, తర్వాత జీఎన్‌ఎం (జనరల్ నర్సింగ్, మిడ్‌వైఫరీ కోర్సు) చదివిన వాళ్లు పెద్ద చదువు కదా అని నర్సుల వరసలో వేసేస్తారు. చేస్తున్న ఉద్యోగం ఏదో, సర్వీసు రిజిస్టరులో హోదా ఏమని ఉందో అదే వరస. డిగ్రీ ఎంత పెద్దదైనా ఉద్యోగం ఏఎన్‌ఎందైతే ఏఎన్‌ఎం వరసలోనే వేయాలి.

నామినేషన్ ఇప్పుడు ఆన్‌లైన్‌లోనే. ఊరివాళ్లు నేరుగా ఢిల్లీకి పంపితే చెల్లదు. పై అధికారి సిఫారసుతో రాష్ట్రానికి వెళ్లి, అక్కడి కమిటీ వడపోశాక కేంద్రానికి చేరుతుంది. పీహెచ్‌సీ (ప్రాథమిక ఆరోగ్య కేంద్రం) ఏఎన్‌ఎం ఫైలు మెడికల్ ఆఫీసరు ద్వారా డీఎంహెచ్‌ఓ (జిల్లా వైద్య, ఆరోగ్యాధికారి) ఆఫీసుకి వెళ్తుంది. ఏరియా ఆసుపత్రుల్లో చేసే స్టాఫ్ నర్సు ఫైలు సూపరింటెండెంట్ నుంచి డీసీహెచ్‌ఎస్ (జిల్లా ఆసుపత్రుల సేవల సమన్వయాధికారి) ఆఫీసుకి పోవాలి. ఆ ఫైలు డీఎంహెచ్‌ఓ ఆఫీసులో ఇస్తే అక్కడి గుమస్తా తీసుకుంటాడు, బల్లమీద పెట్టుకుంటాడు. అది తనది కాదని తేలేసరికి గడువు దాటుతుంది.

ఆవిడకి మీరు చేయగల మేలు వేరే ఉంది. పంచాయతీ తీర్మానం ఒకటి రాయించండి. అందులో పొగడ్తలొద్దు. ఎన్ని ఆవాసాలున్నాయి, వాటిలో ఏటవతల ఎన్ని, పంటు ఎన్నింటికి మొదలై ఎన్నింటికి ఆగుతుంది, వరదకి రేవు ఎన్ని రోజులు మూతపడుతుంది అన్నవి రాయండి. కష్టం ఎంతటిదో ఆవిడ తన నోటితో చెప్పుకుంటే గొప్పగా వినిపిస్తుంది. పంచాయతీ చెబితే అదే సాక్ష్యం అవుతుంది.

ఆవిడ సిద్ధం చేసుకోవాల్సినవీ కొన్నున్నాయి. రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ రెన్యువల్ అయి ఉందో లేదో ఇవాళే చూసుకోమనండి. పదేళ్లుగా పట్టించుకోని వాళ్లు మనకి తెలిసి చాలామందే ఉన్నారు. పెళ్లికి ముందు ఇంటిపేరుతో కౌన్సిల్ సర్టిఫికెట్, అత్తింటి పేరుతో ఆధార్, రెండూ కలిపి సర్వీసు రిజిస్టరు ఉంటే ఆన్‌లైన్ ఫారం దగ్గర చిక్కు వస్తుంది. పేరు సరిదిద్దించడానికి నెలలు పడుతుంది కాబట్టి ప్రకటన వచ్చేదాకా ఆగకూడదు. సర్వీసు సర్టిఫికెట్, క్రమశిక్షణ చర్యలేమీ పెండింగులో లేవనే పత్రం కూడా ముందే అడిగి పెట్టుకోవాలి. ఆ ఏటి ప్రకటనలో అర్హతల పేరాని అక్షరం అక్షరం చదవండి, ముఖ్యంగా సర్వీసు ఎన్నేళ్లు, ఉద్యోగం రెగ్యులరా కాంట్రాక్టా అన్నచోట. నిరుడు ఎవరో నింపిన ఫారం చూసి నింపేయడం మనవాళ్లకి అలవాటు.

ప్ర: నేను కాట్రేనికోన వైపు సబ్‌సెంటర్ ఏఎన్‌ఎంని. జిల్లా అవార్డుకి నా గురించి ఒక పేజీ రాసిమ్మన్నారు. "20 సంవత్సరాలుగా నిస్వార్థంగా, అంకితభావంతో ప్రజలకు సేవ చేస్తున్నాను" అని మొదలుపెట్టాను. మా మెడికల్ ఆఫీసరు గారు "ఇది కాదమ్మా" అని వెనక్కిచ్చేశారు. ఏం రాయాలండీ?

జ: మీ మెడికల్ ఆఫీసరు గారు మీకు మంచే చేశారు. ఆ వాక్యాన్ని ఏ మండలంలో ఏ సిస్టర్ పేరు మీద పెట్టినా అతుకుతుంది. అలాంటివి కమిటీ ముందు ఒక దొంతర ఉంటాయి.

ఒక పేజీలో మూడే సంగతులుండాలి: ముందు ఎలా ఉండేది, మీరు ఏం మార్చారు, ఇప్పుడెలా ఉంది. ఉదాహరణకి ఇలా (అంకెలు వరస తెలియడానికి ఊహించి వేసినవి, మీవి మీ రిజిస్టరు నుంచి తీసుకోండి):

"నా పరిధిలో 3 లంకలు ఉన్నాయి. మూడేళ్ల కిందట ఏడాదిలో నమోదైన 84 మంది గర్భిణుల్లో 12 వారాల్లోపు నమోదైనవారు 49. మిగతావారు ఆలస్యం కావడానికి కారణం పొద్దున్నే కొబ్బరి ఒలుపు పనికి వెళ్లి సాయంత్రానికి గాని ఇంటికి రాకపోవడం. ఆశా కార్యకర్తతో కలిసి వారానికి ఒక సాయంత్రం రేవు దగ్గరే నమోదు, మూత్ర పరీక్ష పెట్టాను. నిరుడు 81 మందిలో 72 మంది 12 వారాల్లోపు నమోదయ్యారు."

ఇందులో నిస్వార్థం అన్న మాట లేకపోయినా సాయంత్రం రేవు దగ్గర నిలబడ్డ మనిషి కనబడుతోంది.

కింద అంకె లేకుండా పై అంకె రాయకండి. "72 మందిని నమోదు చేశాను" అంటే ఎంతమందిలో అని అడుగుతారు. ఆ ఎంతమందికీ ఒక లెక్కుంది. జనాభా 5,000, జననాల రేటు వెయ్యికి 16 అనుకుంటే ఏడాదికి 80 జననాలు. గర్భం నిలవనివి కలుపుకుని దానిమీద 10 శాతం వేస్తే సుమారు 88 మంది గర్భిణులు ఉండాలి. మీ రిజిస్టరులో 81 ఉంటే ఆ 7గురు ఏమయ్యారో ఒక వాక్యం రాయండి. ఊరు వదిలి వెళ్లారా, ప్రైవేటులో చూపించుకుని మన లెక్కలోకి రాలేదా, నిజంగానే జారిపోయారా? దాచకుండా రాసినవారి మిగతా అంకెల్నీ కమిటీ నమ్ముతుంది.

నూటికి 100 దాటిన శాతాలు ఇంకా ప్రమాదం. "మా సబ్‌సెంటర్‌లో టీకాలు 112 శాతం" అని సంబరంగా రాసేస్తారు. అది మన ప్రాంతపు ఆచారం చేసే తమాషా. తొలి కాన్పుకి ఆడపిల్ల పుట్టింటికి వస్తుంది. బిడ్డకి పుట్టగానే వేసే బీసీజీ (క్షయకి), జీరో పోలియో, హెపటైటిస్-బి టీకాలు మీ లెక్కలో పడతాయి. ఆ పిల్ల పేరు మాత్రం అత్తవారి ఊరి జాబితాలో ఉంటుంది. మూడో నెలలో తల్లీబిడ్డా వెళ్లిపోతే 14 వారాల పెంటా (ఐదు రోగాలకి కలిపి వేసే టీకా) మీ దగ్గర తగ్గుతుంది, అక్కడ పెరుగుతుంది. అందుకని స్థానికులు, పుట్టింటికి వచ్చినవారు అని రెండు వరసలు విడదీసి రాయండి. వెళ్లిపోయిన బిడ్డ వివరం అవతలి ఏఎన్‌ఎంకి ఫోనులో చెప్పి ఆ తేదీ రిజిస్టరులో రాసుంటే అంతకంటే మంచి రుజువు లేదు.

కోనసీమలో మరో రకం జారుడు ఉంది. తల్లి గల్ఫ్‌లో ఉంటుంది, బిడ్డ అమ్మమ్మ దగ్గర పెరుగుతుంది. టీకా కార్డు బీరువాలో ఉంటుంది, తాళం ఎక్కడుందో అమ్మమ్మకి తెలియదు. 9 నెలలు నిండాక వేసే ఎంఆర్ (తట్టు, రుబెల్లా టీకా) మొదటి డోసు, 16 నుంచి 24 నెలల మధ్య రెండోది ఎక్కువగా తప్పేది ఇలాంటి ఇళ్లలోనే. ఈ పిల్లల జాబితా విడిగా కట్టి ఎందరిని పట్టుకున్నారో రాయండి. ఆ జాబితా చూస్తే మీ ఊరి సంగతి మీకు తెలుసని కమిటీకి అర్థమవుతుంది.

టీకాల గురించి రాసేటప్పుడు ఏటవతలికి మందు ఎలా చేరిందో రెండు వాక్యాలైనా ఉండాలి. టీకా క్యారియర్‌లో పెట్టేవి నాలుగు ఐస్ ప్యాకులు. ఫ్రీజర్ నుంచి తీసిన వెంటనే పెడితే పెంటా, టీడీ (ధనుర్వాతం, డిఫ్తీరియా టీకా), హెపటైటిస్-బి గడ్డకట్టి పాడవుతాయి. ప్యాకులు బయట పెట్టాలి. పైన చెమట పట్టి, చెవి దగ్గర ఊపితే లోపల నీళ్లు గలగలమన్నాకే క్యారియర్‌లోకి వెళ్లాలి. తెల్లవారి పంటు అందుకోవాలన్న తొందరలో చాలామంది తప్పించేది ఈ కాసేపే. ఇక బీసీజీ, ఎంఆర్ సీసాలకు ద్రావకం కలిపాక 4 గంటలే ఆయుష్షు. మధ్యాహ్నం పంటు ఆగిపోయిందని సాయంత్రం ఇంకో లంకలో అదే సీసా వాడకూడదు. కలిపిన టైము సీసా మీద రాయడం, మిగిలింది పారేసి వృథా లెక్కలో చూపడం కూడా పనితనమే. వృథా సున్నా అని రాసే సబ్‌సెంటర్‌ని చూస్తే మాకు అనుమానమే వస్తుంది. లంకలో ముగ్గురు పిల్లల కోసం ఎంఆర్ సీసా తెరిచినప్పుడు వృథా ఉండి తీరుతుంది.

ప్ర: వరదల్లో చేసిన పనిని అవార్డు కాగితంలో ఎలా చూపాలి? అప్పుడు రాసుకునే తీరికెక్కడుంటుంది?
— ఎంఎల్‌హెచ్‌పి (సబ్‌సెంటర్‌లో పనిచేసే మధ్యస్థాయి ఆరోగ్య ఉద్యోగి), యలమంచిలి మండలం

జ: తీరిక ఉండదు నిజమే. అందుకే నీళ్లు రాకముందే సగం రాసుకోవాలి. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు లంకల సంగతి ఎలా అయిందో మీకు మేం చెప్పనక్కర్లేదు. అలాంటి రోజుల గురించి "ప్రాణాలకు తెగించి సేవ చేశాను" అని మాత్రమే మిగిలితే చేసిన పని గాలికి పోయినట్టే.

భద్రాచలం దగ్గర 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ధవళేశ్వరం దగ్గర 10 లక్షలు, 13 లక్షలు, 17 లక్షల క్యూసెక్కులు. మీ పని గడియారాన్ని వీటికి కట్టండి. భద్రాచలం మొదటి హెచ్చరిక వచ్చిన గంట నుంచి ఒక నోటు పుస్తకంలో తేదీ, టైము, చేసిన పని, ఒక్కో వరస చాలు. రాబోయే మూడు వారాల్లో కాన్పు తేదీ ఉన్నవాళ్లెవరు, బీపీ 140/90 దాటినవాళ్లెవరు, హిమోగ్లోబిన్ 7 కంటే తక్కువ ఉన్నవాళ్లెవరు, ముందు ఆపరేషన్ కాన్పు అయినవాళ్లెవరు? ఈ జాబితా జూన్ నెలాఖరుకే గోడ మీద ఉండాలి. ధవళేశ్వరంలో రెండో హెచ్చరికకి ముందే వీళ్లు గట్టు దాటి ఆసుపత్రి దగ్గరకి చేరితే పడవలో కాన్పు చేయాల్సిన అవసరం రాదు. పడవలో కాన్పు చేసిన సిస్టర్ ఫొటో పేపర్లో వస్తుంది. పడవలో కాన్పు అవసరం లేకుండా చేసిన సిస్టర్ ఫొటో రాదు. రెండో ఆవిడదే పెద్ద పని అని మా అభిప్రాయం. "జాబితాలో 11 మంది, 13 లక్షలు చేరేలోపు తరలించినవారు 11, లంకలో జరిగిన కాన్పులు 0" అన్న ఒక్క వరసతో కమిటీని ఒప్పించవచ్చు.

షుగరు, బీపీ, టీబీ, ఏఆర్‌టీ (హెచ్‌ఐవీకి వాడే) మందులు వాడేవారికి వరదకి ముందే ఎన్ని రోజులకి మందులిచ్చారో రాయండి. ఇన్సులిన్ వాడేవాళ్లని ప్రత్యేకంగా చూపండి. కరెంటు పోతే వాళ్ల ఫ్రిజ్ పని చేయదు కదా.

నీరు తీశాక బావుల క్లోరినేషన్‌లో మీరు పాల్గొని ఉంటే "బ్లీచింగ్ చల్లించాను" అని వదిలేయకండి. రోడ్డు పక్కన ముగ్గులా చల్లిన బ్లీచింగ్ ఫొటోకి తప్ప దేనికీ పనికిరాదు. బావికి లెక్క ఉంది. మంచి బ్లీచింగ్ పౌడరైతే మామూలు రోజుల్లో 1,000 లీటర్లకి 2.5 గ్రాములు. 2 మీటర్ల వెడల్పు గల బావిలో 3 మీటర్ల నీరుంటే సుమారు 9,400 లీటర్లు, అంటే 24 గ్రాముల దాకా పడుతుంది. వరద నీరు కలిసిన బావి మురికిగా ఉంటుంది కాబట్టి ఇది చాలదు. గంట ఆగి క్లోరోస్కోప్‌తో (నీటిలో క్లోరిన్ కొలిచే పరికరం) చూడాలి, లీటరుకి 0.5 మిల్లీగ్రామన్నా మిగిలి ఉంటేనే చాలినట్టు. లేకపోతే మళ్లీ వేయాలి. వానాకాలంలో తెరిచి ఉంచిన బస్తాలో బ్లీచింగ్ ఘాటు పోయి పిండిలా మిగులుతుంది, కొలత సరిగ్గా వేసినా క్లోరిన్ చూపించకపోవడానికి ఎక్కువసార్లు అదే కారణం. ఎన్ని బావులు, ఎన్నిసార్లు పరీక్ష, ఎన్నింట్లో మళ్లీ వేయాల్సి వచ్చింది, తర్వాతి నాలుగు వారాల్లో విరేచనాల కేసులెన్ని అన్నవి రాస్తే సరి.

ప్ర: అవార్డులన్నీ ఊళ్లు తిరిగే సిస్టర్లకేనా? లేబర్ రూములో రాత్రింబగళ్లు నిలబడే మాబోటి స్టాఫ్ నర్సుల గురించి ఏం చూపించాలి? కాన్పు చేసింది డాక్టరు గారనే రికార్డులో ఉంటుంది.

జ: మీ బాధలో న్యాయముంది. 2017 చివర్లో వచ్చిన లక్ష్య (లేబర్ రూము నాణ్యతకి), అంతకుముందు 2015లో వచ్చిన కాయకల్ప (ఆసుపత్రి శుభ్రతకి), రెండూ ఆసుపత్రికి ఇచ్చే గుర్తింపులు. అందులో ఒక నర్సు వాటా ఎంతో ఎక్కడా రాయరు. "మా ఆసుపత్రికి లక్ష్య సర్టిఫికెట్ వచ్చినప్పుడు నేను అక్కడ ఉన్నాను" అంటే సరిపోదు. తయారీలో మీ చేతికి అప్పగించిన భాగమేదో, ఆ ఆఫీసు ఉత్తర్వు నకలుతో చూపండి.

మీ చేతి పని కనబడే చోట్లు లేబర్ రూములో ఉన్నాయి. ఒకటి పార్టోగ్రాఫ్, అంటే కాన్పు ఎలా సాగుతోందో గంటగంటకీ గీసే చార్టు. గర్భాశయ ముఖద్వారం 4 సెంటీమీటర్లు తెరుచుకున్నాక మొదలుపెట్టి, బిడ్డ గుండె చప్పుడు, నొప్పులు అరగంటకోసారి, తెరుచుకోవడం, బీపీ నాలుగు గంటలకోసారి గుర్తించాలి. కాన్పు అయ్యాక తీరిగ్గా కూర్చుని నింపిన పార్టోగ్రాఫ్ ఎలా ఉంటుందో తెలిసినవాళ్లకి ఇట్టే తెలిసిపోతుంది: ఒకే పెన్ను, ఒకే ఒత్తిడి, గీత గీసినట్టు పైకి పోయే వరస, గుండె చప్పుడు ఎప్పుడూ 140. నిజమైనదానిలో వంకర ఉంటుంది, సిరా మారుతుంది, గీత కుడివైపు జరిగినచోట పక్కన "డాక్టరు గారికి ఫోను, 2.40" అని ఉంటుంది. ఆ 2.40 మీది. గీత అలర్ట్ లైను (కాన్పు ఆలస్యమవుతోందని హెచ్చరించే గీత) దాటిన కేసులు ఎన్ని, దాటిన ఎంతసేపటికి డాక్టరుకి చెప్పారు, ఏమైంది అన్న మూడు కాలమ్‌లు ఆరు నెలలకి కట్టండి. డాక్టరు పేరుతో ఉన్న కాన్పులోనే మీ పని విడిగా తేలుతుంది.

రెండోది బిడ్డ పుట్టిన నిమిషంలోపు తల్లికి ఆక్సిటోసిన్ 10 యూనిట్లు కండరంలోకి ఇవ్వడం, మూడోది గంటలోపు తల్లిపాలు పట్టించడం, నాలుగోది 24 గంటల్లోపు హెపటైటిస్-బి. ఈ మూడూ కేస్ షీటులో టైముతో ఉండాలి. ఆక్సిటోసిన్ ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉందా అని కూడా అడుగుతారు. ట్రేలో రోజంతా పడి ఉన్న ఆంపూల్ పనిచేయక రక్తస్రావం ఆగలేదంటే ఆ నింద డ్యూటీ నర్సు మీదే పడుతుంది.

కేస్ షీట్ల నకళ్లు జతచేసేటప్పుడు రోగి పేరు, ఊరు, ఫోను నంబరు కొట్టేయండి. హెచ్‌ఐవీ ఉన్నవారి వివరం అనుమతి లేకుండా బయటపెట్టడాన్ని 2017 నాటి హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం నిషేధిస్తుంది. "ఇంతమంది హెచ్‌ఐవీ తల్లులకు కాన్పు చేయించాను" అని అంకె రాయొచ్చు, పక్కన గ్రూపు ఫొటో పెట్టకూడదు. చిన్న ఊళ్లో మసకగా కనబడ్డ ముఖాన్ని కూడా గుర్తుపట్టేస్తారు.

ప్ర: మా నర్సమ్మగారికి ఉంగరం, 25,000 రూపాయలు ఇచ్చి రామాలయం దగ్గర సన్మానం చేద్దామని చందాలు పోగుచేశాం. ఆవిడ వద్దంటున్నారు. మొహమాటమేమో అనుకుంటున్నాం.
— రిటైర్డ్ హెడ్‌మాస్టరు, పాలకొల్లు

జ: మొహమాటం కాదు మాస్టారూ. 1964 నాటి ఆంధ్రప్రదేశ్ సివిల్ సర్వీసుల ప్రవర్తనా నియమాల ప్రకారం ప్రభుత్వోద్యోగి ముందస్తు అనుమతి లేకుండా ప్రజల నుంచి విలువైన బహుమతులు తీసుకోకూడదు, తన గౌరవార్థం సభలు పెట్టించుకోకూడదు. బదిలీ అప్పుడో, రిటైరైనప్పుడో ఆప్యాయంగా చేసే చిన్న వీడ్కోలు వేరు. మీ ఉంగరం ఫొటో ఫేస్‌బుక్‌లో పడిన మర్నాడు ఎవరో ఒకరు ఫిర్యాదు పెడితే సంజాయిషీ రాసుకోవాల్సింది ఆవిడ. రేపు అవార్డు ఫైలు కదిలినప్పుడు క్రమశిక్షణ చర్యల కాలమ్‌లో అదే అడ్డుపడుతుంది.

ఆ డబ్బుతో ఆవిడ సబ్‌సెంటర్‌కి ఏం కావాలో అడగండి. పరీక్ష బల్లకి అడ్డు తెర, లావుపాటి చేతికి సరిపడే పెద్ద కఫ్‌తో బీపీ మెషీను, బిడ్డల తూకం మెషీను, రాత్రి పూట వెలుగుకి ఇన్వర్టరు. పంచాయతీ ద్వారా సబ్‌సెంటర్ స్టాకు రిజిస్టరులోకి ఎక్కేలా ఇవ్వండి. మీ తృప్తికి శాలువా, పూలదండ, కాసిని పూతరేకులు చాలు.

ప్ర: పద్మశ్రీకి మేమే పంపొచ్చట కదా?

జ: పంపొచ్చు, పద్మ అవార్డులకి ఎవరైనా ఎవరినైనా ఆన్‌లైన్‌లో సూచించవచ్చు. కానీ వైద్యులు, శాస్త్రవేత్తలు తప్ప సర్వీసులో ఉన్న ప్రభుత్వోద్యోగులు వాటికి అర్హులు కారని నిబంధన ఉంది. ఈ వైద్యులు అన్న మినహాయింపులో నర్సులు లేకపోవడం మాకు నచ్చని సంగతి. అండమాన్‌లో ఒంగే తెగవారి మధ్య పనిచేసిన ఏఎన్‌ఎం శాంతి తెరెసా లక్రాకి 2011లో పద్మశ్రీ వచ్చింది గానీ అది అరుదు. మీ సిస్టర్ రిటైరయ్యాక ప్రయత్నించండి. ఈలోగా ఆగస్టు 15, జనవరి 26కి కలెక్టరు గారిచ్చే ప్రశంసాపత్రానికి పేరు పంపించండి. ఆ జాబితాలు పండగకి కొన్ని వారాల ముందే శాఖల నుంచి వెళ్లిపోతాయి, ఆఖరి వారంలో తిరిగితే ఉపయోగం లేదు.

ప్ర: ఆశా కార్యకర్తలు నైటింగేల్ అవార్డుకి వేయొచ్చా?

జ: వీలు కాదమ్మా. అది నర్సింగ్ కౌన్సిల్లో నమోదైనవారికే. కానీ సిస్టర్ పేజీలో మీ పేరు, మీ పని ఉండాలి. లేకపోతే అడగండి.

ప్ర: ఫ్లోరెన్స్ నైటింగేల్‌కీ మన గోదావరికీ ఏమైనా సంబంధముందా? క్విజ్‌లో అడిగారు.
— నర్సింగ్ విద్యార్థిని, రాజమహేంద్రవరం

జ: ఉంది. ఆవిడ మన దేశం రాలేదు గానీ ఇక్కడి సైన్యం ఆరోగ్య స్థితి మీద 1863లో వచ్చిన రాయల్ కమిషన్ నివేదిక వెనక ఆవిడ చేసిన పని చాలా ఉంది. తర్వాత కరువులు, నీటిపారుదల మీద దృష్టి పెట్టారు. 1847 నుంచి 1852 వరకూ ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన కాటన్ దొరతో ఉత్తరాలు నడిపారు, ఆయన వాదాన్ని సమర్థించారు. క్రిమియా యుద్ధంలో సైనికులు గాయాల కంటే రోగాలతోనే ఎక్కువమంది చనిపోయారని రంగుల చక్రాల బొమ్మ గీసి చూపించారు. దీపం పట్టుకున్న బొమ్మ అందరికీ తెలుసు. ఈ చక్రాల బొమ్మ మీ క్లాసు గోడ మీద కూడా ఉంటే బాగుంటుంది.

ప్ర: నా పేరు పీహెచ్‌సీ నుంచి సిఫారసు చేశారు. జిల్లాలో మారిపోయింది, పలుకుబడి ఉన్న వేరొకరికి ఇచ్చారని వినికిడి. ఏం చేయగలను?

జ: వినికిడి మీద గొడవ పెట్టుకోకండి, కాగితం అడగండి. సమాచార హక్కు చట్టం 2005 కింద జిల్లా ఆఫీసులోని పౌర సమాచార అధికారికి దరఖాస్తు పెట్టాలి. రుసుము 10 రూపాయలు, మండల స్థాయి ఆఫీసైతే 5. "నాకెందుకు రాలేదు" అని అడిగితే అది సమాచారం కాదంటారు. ఇలా అడగండి: ఎంపికకి వాడిన కొలమానాల నకలు, వచ్చిన నామినేషన్ల సంఖ్య, కమిటీ సమావేశపు మినిట్స్, నా నామినేషన్ మీద రాసిన నోట్ ఫైలు, నాకు వేసిన మార్కులు. మిగతావారి వ్యక్తిగత వివరాలు అడిగితే ఆ సాకుతో మొత్తం దరఖాస్తునే తిప్పేస్తారు, అవి వదిలేయండి. 30 రోజుల్లో జవాబు రావాలి. రాకపోయినా, వచ్చింది చాలకపోయినా మరో 30 రోజుల్లోపు అదే ఆఫీసులోని పై అధికారికి మొదటి అప్పీలు వేసుకోవచ్చు.

చాలాసార్లు బయటపడేది పలుకుబడి కాదు, రాత కొలమానమే లేకపోవడం. మినిట్స్‌లో "చర్చించి నిర్ణయించడమైనది" అని ఒక వాక్యం ఉంటుంది. ఆ కాగితం చేతికొచ్చాక మీ సంఘం తరఫున, వచ్చే ఏడాదికి కొలమానాలు ముందే నోటీసు బోర్డులో పెట్టాలని కోరుతూ అర్జీ ఇవ్వండి. మీ ఒక్కరి పేరుతో వెళ్లే అర్జీ కంటే నలుగురి సంతకాలతో వెళ్లేది ఆఫీసులో త్వరగా కదులుతుంది. దాని రశీదు మీద ఇన్‌వర్డ్ నంబరు వేయించుకోవడం మరిచిపోకండి.